రిపోర్టు పంపాలా, ఆపాలా? ప్రభుత్వ ల్యాబ్‌లో సీనియర్ సైంటిస్ట్ ఇంటర్వ్యూకు తయారీ

నమస్కారం. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో, వైద్య కళాశాలల్లో సీనియర్ స్థాయి ల్యాబ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు అందుకున్నవారి కోసం ఈ వీడియో చేస్తున్నాను. మీరు దరఖాస్తు చేసినది వైరస్ పరిశోధన, నిర్ధారణ ప్రయోగశాల అయిన వీఆర్‌డీఎల్‌లో రీసెర్చ్ సైంటిస్ట్ పోస్టు కావచ్చు, జిల్లా ప్రజారోగ్య ప్రయోగశాలలో మైక్రోబయాలజిస్ట్ పోస్టు కావచ్చు, బోధనాసుపత్రి సెంట్రల్ ల్యాబ్‌లో క్వాలిటీ మేనేజర్ పోస్టు కావచ్చు. పేరు ఏదైనా ప్యానెల్ మీ దగ్గర ముఖ్యంగా వెతికేది ఒకటుంది. యంత్రం ఒక అంకెను ఇచ్చినప్పుడు దాన్ని నమ్మి రిపోర్టు పంపాలో, అనుమానించి ఆపాలో మీరు తేల్చుకోగలరా, తేల్చుకున్నాక అందుకు కారణం తడుముకోకుండా చెప్పగలరా అన్నదే ఆ విషయం. ఈ రోజు నేను చెప్పబోయేదంతా దీని గురించే.

మన జిల్లాల్లో ల్యాబ్ టెక్నీషియన్ కాంట్రాక్టు పోస్టులు చాలావరకు మార్కుల మెరిట్ జాబితాతోనే భర్తీ అవుతుంటాయి. అందువల్ల ఏళ్ళ తరబడి బెంచీ మీద పనిచేసి చేయి తిరిగినవారికి కూడా ప్యానెల్ ఎదుట కూర్చుని మాట్లాడే అలవాటు ఉండదు. "మీ పని గురించి చెప్పండి" అనగానే రోజుకు ఎన్ని శాంపిళ్ళు చేస్తారో, ఏ కంపెనీ ఎనలైజర్ మీద చేస్తారో చెప్పి ఆగిపోతారు. సీనియర్ పోస్టుకు ఆ జవాబు చాలదు. ఎందుకు చాలదో ఒక రిపోర్టు పెట్టుకుని చూద్దాం.

తెర మీద ఉన్నది ఉదాహరణ కోసం నేను తయారు చేసిన రిపోర్టు. ఓపీకి తన కాళ్ళ మీద తాను నడిచి వచ్చిన ఒక నడివయసు మహిళకు సోడియం 139, పొటాషియం 7.9, కాల్షియం 4.8, క్రియాటినిన్ 0.8 వచ్చాయి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఎన్నడూ చూడనంత తక్కువగా ఉంది. సీరం రంగు మామూలుగానే ఉంది, ఎర్రబడలేదు. "ఈ రిపోర్టు మీరు సంతకం పెట్టి పంపుతారా?" అని ప్యానెల్ అడిగింది అనుకుందాం. పొటాషియం ఎక్కువగా ఉంది కాబట్టి హీమోలైసిస్ అయి, అంటే ఎర్ర కణాలు పగిలి వాటిలోని పొటాషియం బయటికి వచ్చి ఉంటుందని తొందరపడి అనేవారు చాలామంది ఉంటారు, కానీ సీరం ఎర్రబడలేదని ప్రశ్నలోనే చెప్పారు. కాస్త ఆగి, పొటాషియం పక్కన కాల్షియాన్ని, దాని పక్కన ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌ను పెట్టి చూడండి. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డ కట్టకుండా వేసే ఈడీటీఏ పొటాషియం లవణం రూపంలో ఉంటుంది. అది కాల్షియాన్ని పట్టి బంధిస్తుంది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పనిచేయడానికి కావలసిన మెగ్నీషియాన్ని, జింకును కూడా పట్టేస్తుంది. పొటాషియం పెరగడం, కాల్షియం తగ్గడం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ తగ్గడం అనే ఈ మూడు మార్పులూ ఒకే రిపోర్టులో కలిసి కనిపించాయంటే, రక్తం తీసేటప్పుడు ఊదా ట్యూబు ముందు నింపి ఎర్ర ట్యూబు తరువాత నింపారనో, ఎర్ర ట్యూబులో రక్తం చాలక ఊదా ట్యూబు నుంచి ఒంపారనో గట్టిగా అనుమానించాలి.

అయితే కారణం కనిపెట్టడంతో జవాబు పూర్తి కాదు. రిపోర్టును ఆపుతాను, కానీ ఆపి ఊరుకోను, వెంటనే ఆ వైద్యునికి ఫోన్ చేసి శాంపిల్ కలుషితమైందని అనుమానిస్తున్నాను, పొటాషియం నిజంగా ఇంత ఉంటే గుండెకు ప్రమాదం కాబట్టి రోగిని ఇంటికి పంపకుండా కొత్త శాంపిల్ తీయించండి అని చెబుతాను, ఎవరితో ఏ సమయానికి మాట్లాడానో రిజిస్టరులో రాస్తాను, శాంపిల్ తీసిన వ్యక్తితో ట్యూబుల వరుస గురించి మాట్లాడతాను అని చెప్పగలగాలి. నా అభిప్రాయంలో ఈ జవాబులో ఫోన్ చేయడమే అన్నిటికంటే విలువైన భాగం. అనుమానం ఉందని మౌనంగా ఆపేసిన రిపోర్టు కూడా రోగికి హాని చేయగలదని గుర్తించిన మనిషినే ప్యానెల్ సీనియర్‌గా చూస్తుంది.

ఇప్పుడు మన ప్రాంతానికే చెందిన ప్రశ్నకు వద్దాం. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి మన జిల్లా నుంచే కాక నంద్యాల జిల్లా నుంచి, తెలంగాణలోని గద్వాల వైపు నుంచి, కర్ణాటకలోని రాయచూరు వైపు నుంచి కూడా రోగులు వస్తారు. కింది స్థాయి ఆసుపత్రుల నుంచి శాంపిళ్ళు కూడా ప్రయాణం చేసి రావలసి ఉంటుంది. "మే నెలలో ఆదోని నుంచి ఉదయం తీసిన రక్తం మధ్యాహ్నానికి మీ ల్యాబుకు చేరితే ఏ పరీక్షలను మీరు నమ్మరు?" అన్నది చాలా మంచి ప్రశ్న. ఆదోని నుంచి కర్నూలుకు దాదాపు వంద కిలోమీటర్ల దారి. సీరం వేరు చేయని రక్తంలో గది ఉష్ణోగ్రత వద్దనే గ్లూకోజ్ గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గిపోతుంది, ఎండ వేడిలో ఇంకా త్వరగా తగ్గుతుంది. అంటే షుగరు ఎక్కువగా ఉన్న మనిషికి మామూలుగా ఉన్నట్టు రిపోర్టు పోయే ముప్పు ఉంది. బూడిద రంగు మూత ట్యూబులో తీస్తే సరిపోతుంది కదా అని మీరు అంటే, అందులో గ్లూకోజ్ తగ్గకుండా ఆపే ఫ్లోరైడ్ పూర్తిగా పనిచేయడానికి ఒకటి రెండు గంటలు పడుతుందన్న సంగతి కూడా చెప్పగలగాలి.

"అయితే ఐస్ పెట్టెలో పెట్టి పంపమందామా?" అని తరువాతి ప్రశ్న వస్తుంది. ఇక్కడే చాలామంది అవునని తల ఊపేస్తారు. గ్లూకోజ్‌కు చల్లదనం మేలు చేస్తుంది. పొటాషియం విషయంలో మాత్రం అది కీడు చేస్తుంది, ఎందుకంటే ఎర్ర కణాల పొరలో సోడియంను బయటికి, పొటాషియంను లోపలికి తోసే పంపు చల్లదనంలో మందగించి, కణంలోని పొటాషియం మెల్లగా సీరంలోకి కారిపోతుంది. రక్తం తీసిన చోటనే, గడ్డ కట్టిన వెంటనే సెంట్రిఫ్యూజ్ చేసి, సీరాన్ని వేరు చేసి చల్లగా పంపించమని కోరతాను, సెంట్రిఫ్యూజ్ లేని చోటు నుంచి వచ్చే శాంపిళ్ళకు ఈ రెండు పరీక్షలను అక్కడే చేయించే ఏర్పాటు చూస్తాను, తీసిన సమయం రాయని ట్యూబును పొటాషియం కోసం తీసుకోను అన్నది నిలకడైన జవాబు. కేంద్ర ప్రభుత్వ ఉచిత వ్యాధినిర్ధారణ సేవల మార్గదర్శకాల ప్రకారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 63, జిల్లా ఆసుపత్రిలో 134 పరీక్షలు అందుబాటులో ఉండాలి. ఏది కింద చేయాలి, ఏది పైకి పంపాలి అన్న మీ వాదనకు ఆ జాబితాను ఆధారంగా చూపితే మాటకు బలం వస్తుంది.

క్వాలిటీ కంట్రోల్, అంటే విలువ ముందే తెలిసిన కంట్రోల్ శాంపిల్ వేసి యంత్రాన్ని సరిచూసుకునే పని గురించిన ప్రశ్న రాని ఇంటర్వ్యూ ఉండదనే అనుకోండి. కంట్రోల్ ఫలితాన్ని ఎప్పుడు ఒప్పుకోకూడదో చెప్పే వెస్ట్‌గార్డ్ నియమాలను ఎక్కాల్లా అప్పజెప్పడం అందరూ చేసే పనే. ప్యానెల్ కంట్రోల్ విలువలను చుక్కలుగా చూపే లెవీ-జెన్నింగ్స్ చార్టు ఒకటి కాగితం మీద గీసి మీ ముందు పెట్టవచ్చు. అందులో చుక్కలు పది వరుసగా సగటుకు ఒకే వైపున ఉన్నాయి, కానీ ఒక్కటీ రెండు ఎస్‌డీలు (ప్రామాణిక విచలనాలు) దాటలేదు. కంట్రోల్ హద్దులోనే ఉంది కదా అని టెక్నీషియన్ అంటున్నాడు. మీరేమంటారు? అది పది చుక్కలు వరుసగా ఒకే వైపు ఉండకూడదనే 10ఎక్స్ నియమం ఉల్లంఘన అనీ, యాదృచ్ఛికంగా వచ్చే తేడా కాదు, యంత్రమో రీఏజెంటో క్యాలిబ్రేషనో ఒక పక్కకు ఒరిగిందనడానికి గుర్తనీ చెప్పాలి. ఆ పైన చుక్కలు ఒక్కసారిగా పైకి ఎగిరి అక్కడే నిలిచాయా, లేక రోజురోజుకూ మెల్లగా జరుగుతూ వచ్చాయా అని చూడాలి. ఒక్కసారిగా ఎగిరితే రీఏజెంటు లాట్ (తయారీ బ్యాచ్) మారిందా, ఆ రోజు క్యాలిబ్రేషన్ చేశారా అని రిజిస్టరు తిరగేస్తారు. మెల్లగా జరిగితే లాంప్ వయసును, రీఏజెంటు నిల్వను, కరెంటు పోయిన రాత్రులలో ఫ్రిజ్ ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల మధ్యనే ఉందా అన్నదాన్ని చూస్తారు. మన ఊళ్ళలో వేసవి కరెంటు సంగతి ప్యానెల్‌కు బాగా తెలుసు కాబట్టి, ఫ్రిజ్ ఉష్ణోగ్రత రిజిస్టరు ప్రస్తావన మీ నోటి నుంచే వస్తే, మీరు పుస్తకం నుంచి కాక పని నుంచి మాట్లాడుతున్నారని వాళ్ళకు అర్థమవుతుంది. కంట్రోల్ హద్దులోకి వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ వేస్తాను అన్న మాట మాత్రం పొరపాటున కూడా అనకండి.

వీఆర్‌డీఎల్ పోస్టుకు వెళ్ళేవారు వైరస్ జన్యుపదార్థాన్ని రెట్టింపులు చేసి పట్టుకునే పీసీఆర్ పరీక్ష ప్రశ్నకు సిద్ధపడాలి. రోగుల శాంపిళ్ళతో పాటు పెట్టిన, వైరస్ లేని నెగటివ్ కంట్రోల్‌లో కూడా కర్వ్ లేచింది, అంటే పాజిటివ్ సంకేతం వచ్చింది, బయట వార్డు నుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి, ఏం చేస్తారు? ఆ రన్‌లోని పాజిటివ్ ఫలితాలలో ఒక్కటి కూడా బయటికి పోకూడదు. దాచి ఉంచిన శాంపిల్ నుంచి కొత్త రీఏజెంట్లతో ఎక్స్‌ట్రాక్షన్ దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి, పని గదులను హైపోక్లోరైట్‌తో శుభ్రం చేయించాలి, మాస్టర్ మిక్స్ కలిపే గది నుంచి యాంప్లిఫికేషన్ గది వైపు ఒకే దిశలో పని నడుస్తోందో లేదో చూడాలి. ఆలస్యం ఎంత అవుతుందో వార్డుకు మీరే ముందుగా చెబుతారని కూడా జవాబులో ఉండాలి.

వర్షాకాలపు నోటిఫికేషన్ అయితే డెంగీ తప్పనిసరిగా వస్తుంది. జ్వరం వచ్చిన రెండో రోజున తీసిన రక్తంలో ఐజీఎం (జ్వరం వచ్చిన కొన్ని రోజులకు తయారయ్యే యాంటీబాడీ) నెగటివ్ వస్తే డెంగీ లేదని రాయకూడదు. మొదటి ఐదు రోజుల్లో వైరస్ ప్రోటీన్‌ను పట్టుకునే ఎన్ఎస్1 ఎలైజా చేయాలి, ఐదో రోజు దాటాక ఐజీఎం ఎలైజా చేయాలి. అందుకే రిక్విజిషన్ ఫారంలో జ్వరం మొదలైన తేదీ లేకపోతే ఆ రిపోర్టుకు అర్థం ఉండదు. ర్యాపిడ్ కార్డు పాజిటివ్‌ను ఎలైజాతో సమానంగా లెక్క కట్టరనీ, నిర్ధారణ అయిన కేసులు వ్యాధుల నిఘా కోసం ఉన్న ఐహెచ్‌ఐపీ పోర్టల్‌లో ల్యాబు నింపే ఎల్-ఫారం ద్వారా జిల్లా నిఘా విభాగానికి వెళ్ళాలనీ చెప్పగలిగితే, మీ చూపు ల్యాబు గోడలు దాటి వెళుతుందని తెలుస్తుంది.

ఇక మనుషుల గురించిన ప్రశ్న. జూనియర్ టెక్నీషియన్ ఒకరు రెండు శాంపిళ్ళ పేర్లు తారుమారు చేశారు, రిపోర్టులు వార్డుకు వెళ్ళిపోయాయి. ఇక్కడ కొందరు మెమో ఇస్తానంటారు, కొందరు తెలిసిన పిల్లవాడు కదా సర్దుకుపోతానంటారు. ముందు ఇద్దరు రోగుల వైద్యులకూ చెప్పి తప్పు రిపోర్టులను వెనక్కి తీసుకోవాలి. లేబుల్ దిద్దుకోవద్దు, ఇద్దరి నుంచీ కొత్త శాంపిల్ తీసుకోవాలి, అందులోనూ రక్తం గ్రూపు పరీక్ష అయితే ఇందులో మినహాయింపే లేదు. ఆ తరువాత ట్యూబు మీద పేరు రోగి మంచం దగ్గర రాస్తున్నారా, ల్యాబుకు వచ్చాక రాస్తున్నారా అని చూడాలి. ల్యాబుకు వచ్చాక రాసే పద్ధతి ఉన్నంత కాలం ఏ టెక్నీషియన్‌ను మందలించినా ఆ తప్పు మళ్ళీ జరుగుతుంది. 2022 డిసెంబరులో వచ్చిన వైద్య ల్యాబుల నాణ్యతా ప్రమాణం ఐఎస్‌ఓ 15189 నాలుగవ కూర్పు రోగికి కలిగే ముప్పును ముందుగా అంచనా వేయమని ప్రత్యేకంగా చెబుతుంది కాబట్టి, ఆ ప్రమాణం పేరు ఇక్కడ ఎత్తడం సందర్భోచితంగా ఉంటుంది. సూది గుచ్చుకున్న ఉద్యోగి విషయం అడిగితే, గాయాన్ని పిండకుండా సబ్బు నీళ్ళతో కడగాలనీ, హెచ్‌ఐవీ నివారణ మందులు వీలైతే 2 గంటల్లోపు, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు వాడాలనీ చెప్పండి. బయోమెడికల్ వ్యర్థాల నియమాలు 2016 నాటివి. సంచుల రంగులతో పాటు, శుద్ధి చేయని వ్యర్థాలను 48 గంటలకు మించి నిల్వ ఉంచకూడదన్నది గుర్తుంచుకుంటే చాలు.

ధ్రువపత్రాల గురించి రెండే మాటలు. ఒరిజినళ్ళు, పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్, అనుభవ ధ్రువపత్రాలు, స్థానికత కోసం 4 నుంచి 10వ తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు నోటిఫికేషన్‌లో చెప్పిన వరుసలో పెట్టుకోండి. జవాబు ఇంగ్లీషులో మొదలుపెట్టి మాట అడ్డం తిరిగితే, అనుమతి అడిగి తెలుగులో పూర్తి చేయండి. సగంలో నీళ్ళు నమలడం కంటే అది ఎంతో మేలు.

చివర్లో ప్యానెల్ "మీరేమైనా అడగదలచుకున్నారా?" అంటే జీతం గురించీ సెలవుల గురించీ అడిగి ఆ అవకాశాన్ని పోగొట్టుకోకండి. ఈ ల్యాబు ఏ బయటి నాణ్యతా పరీక్షా కార్యక్రమంలో పాల్గొంటోంది, వెల్లూరు సీఎంసీ వారి బయోకెమిస్ట్రీ ఈక్వాస్‌లో ఉందా, పోయిన ఏడాది ఏ పరీక్ష ఫలితాలు హద్దు దాటాయి, దానికి ఇప్పటిదాకా ఏం చేశారు అని అడగండి. వాళ్ళు చెప్పే పరీక్ష పేరు నోట్ చేసుకోండి, ఉద్యోగం వస్తే మొదటి వారం మీరు తెరవవలసిన రిజిస్టరు దానిదే.