సులేమాన్ సుల్తాను, రెండు డేరాలు

శ్రోతలకు నమస్కారం.

అది 1566 సెప్టెంబరు. హంగేరీలో సిగెత్వార్ అనే కోట. చుట్టూ చిత్తడి నేల, నెల రోజులుగా ఆగని ఫిరంగుల మోత. కోటను ముట్టడించిన సైన్యం మధ్యలో ఒక పెద్ద డేరా. ఒక రాత్రి ఆ డేరాలో డెబ్భై ఒక్కేళ్ల ముసలాయన కన్నుమూశాడు. ఆయన పేరు సులేమాన్, ఇస్తాంబుల్ నుంచి ఏలిన ఒట్టోమన్ తుర్కుల సుల్తాను. ఆ సంగతి తెలిసినవాళ్లు అతి కొద్దిమంది. ప్రధాన వజీరు సోకొల్లు మెహమ్మద్ పాషా పెదవి విప్పలేదు. ఒకటి రెండు రోజుల్లోనే కోట పడింది. చనిపోయిన సుల్తాను పేరు మీదే ఉత్తర్వులు వెళ్తున్నాయి. కొడుకు సెలీం అనతోలియా నుంచి, అంటే ఇప్పటి టర్కీ నుంచి, బయల్దేరి బెల్‌గ్రేడ్ చేరేదాకా, దాదాపు ఏడు వారాలపాటు, మామూలు సిపాయి తన రాజు బతికే ఉన్నాడనుకున్నాడు.

ఎందుకంత భయం అంటే, నలభై ఆరేళ్లుగా ఆ సింహాసనం మీద ఉన్నది ఆయనొక్కడే. ఆ సైన్యంలో ఎక్కువమందికి ఊహ తెలిసినప్పటి నుంచి వేరే సుల్తాను లేడు. రాజు పోయాడని తెలిస్తే శత్రుదేశం నడిబొడ్డున ఎవరు ఎవరి మాట వింటారు?

ఈ డేరాను ఇక్కడే వదిలేద్దాం. దీనికి పదమూడేళ్ల ముందు ఇంకో డేరా ఉంది. సులేమాన్ గురించి నేను చదివినప్పుడల్లా నా మనసు ఆ రెండో డేరా దగ్గరే ఆగిపోతుంది. అక్కడికి వెళ్లేలోగా ఈయన ఎవరో చెప్పుకోవాలి.

సులేమాన్ 1494లో నల్ల సముద్రం ఒడ్డున ట్రాబ్జాన్‌లో పుట్టాడు. తండ్రి మొదటి సెలీం, సిరియానూ ఈజిప్టునూ గెలిచినవాడు. 1520లో తండ్రి పోయేనాటికి పోటీకి అన్నదమ్ములెవరూ లేరు. ఆ వంశంలో అది మామూలు అదృష్టం కాదు. గద్దె కోసం అన్నదమ్ములు ఒకరినొకరు చంపుకోవడం అక్కడ ఆనవాయితీగా మారిన కాలం అది. సరిగ్గా ఆ ఏడాదే ఇక్కడ మన కృష్ణదేవరాయలు రాయచూరు దగ్గర ఆదిల్ షాను ఓడించాడు. ఇద్దరూ ఒకే కాలపు మనుషులు.

యుద్ధాల చిట్టా పెద్దది, త్వరగా చెప్పేస్తాను. 1521లో బెల్‌గ్రేడ్, మరుసటి ఏడాది రోడ్స్ దీవి. 1526 ఆగస్టులో మొహాచ్ మైదానంలో హంగేరీ సైన్యం కొద్ది గంటల్లో తుడిచిపెట్టుకుపోయింది. ఇరవై ఏళ్ల రాజు లాయోష్ పారిపోతూ వాగులో పడి చనిపోయాడు. దానికి నాలుగు నెలల ముందే బాబరు పానిపట్టులో గెలిచాడు. బండ్లను వరసగా కట్టి వాటి చాటు నుంచి తుపాకులు, ఫిరంగులు పేల్చే ఆ పద్ధతిని బాబరే 'రూమీ' పద్ధతి అని రాసుకున్నాడు. రూమ్ అంటే ఒట్టోమన్ల దేశమే. 1529లో వియన్నా దాకా వెళ్లారు గానీ వానలు ముంచెత్తి, బురదలో పెద్ద ఫిరంగులు రాక వెనుదిరిగారు. 1534లో బాగ్దాద్ చేతికొచ్చింది. 1538లో సుల్తాను పంపిన నౌకాదళం సూయజ్ నుంచి మన గుజరాత్ తీరానికి వచ్చి, పోర్చుగీసువాళ్ల డయ్యూ కోటను ముట్టడించి, గెలవలేక తిరిగిపోయింది. 1565లో మాల్టా దగ్గర కూడా ఎదురుదెబ్బే.

యూరప్‌వాళ్లు ఆయన్ని వైభవానికి పెట్టింది పేరుగా చెప్పుకున్నారు. సొంత జనం పెట్టుకున్న పేరు వేరు: 'కానూనీ', అంటే చట్టాలు చేసినవాడు. కానూను అనే మాట మన తాతల నోట విన్నదే. అక్కడి పన్నుల లెక్కలు రాసిన పుస్తకాన్ని 'దెఫ్తెర్' అంటారు, అదే మన దఫ్తరు. పన్ను కట్టే జనాన్ని 'రెయాయా' అంటారు. మన 'రైతు' కూడా ఆ అరబ్బీ మాట నుంచి వచ్చిందే. అంత దూరపు రాజ్యం సంగతి మనకు ఇంత దగ్గరగా వినిపించడానికి ఈ మాటలు చాలు.

ఆ కానూను ఏం చేసింది? మతధర్మం వివరంగా చెప్పని చోట్ల, అంటే భూమి శిస్తు, జరిమానాలు, ఉద్యోగుల హక్కుల విషయంలో, సుల్తాను ఉత్తర్వులు నడిచేవి. ఇవి ఆయనకు ముందు నుంచీ ఉన్నవే. సులేమాన్ వాటిని కూర్చి, సరిచేసి, రాజ్యమంతటా అందించాడు. ఎబుస్సూద్ అనే గొప్ప ధర్మవేత్త 1545 నుంచి దాదాపు ముప్పై ఏళ్లు షేఖుల్ ఇస్లాం పదవిలో, అంటే రాజ్యంలో అందరికన్నా పెద్ద మతాధికారిగా ఉండి, ఈ ఉత్తర్వులకీ షరియాకీ పొత్తు కుదిర్చాడు. సాగుభూమిలో ఎక్కువ భాగం సర్కారుది. దున్నుకునే హక్కు రైతుది, అది తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. శిస్తు వసూలు చేసుకునే సిపాహీ ఎంత తీసుకోవాలో దఫ్తరులో రాసి ఉంటుంది. ఎక్కువ గుంజితే రైతు ఖాజీ దగ్గరికి వెళ్లొచ్చు, ఇస్తాంబుల్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. అన్ని చోట్లా న్యాయం జరిగిందని నేను అనను. కానీ కాగితం మీద ఒక హద్దు ఉండటం పేదవాడికి చిన్న విషయం కాదు. అమెరికా ప్రతినిధుల సభ గోడ మీద లోకంలోని చట్టకర్తల పాలరాతి బొమ్మలు 23 ఉన్నాయి. అందులో సులేమాన్‌ది ఒకటి.

ఇంత చట్టం చేసినవాడి ఇంట్లో ఏం జరిగిందో ఇప్పుడు చూద్దాం.

ఇబ్రహీం అని చిన్ననాటి నుంచి తోడున్న స్నేహితుడు. పార్గా అనే ఊళ్లో పుట్టి, బానిసగా వచ్చి, 1523లో ప్రధాన వజీరు అయ్యాడు. జనం అతన్ని 'మక్బూల్' అన్నారు, అంటే మెప్పు పొందినవాడు. 1536లో ఒక రంజాన్ రాత్రి సుల్తాను భవనంలోనే భోంచేసి అక్కడే పడుకున్నాడు, తెల్లారేసరికి శవమయ్యాడు. ఆ తర్వాత జనం అతన్ని 'మక్తూల్' అన్నారు, చంపబడ్డవాడు.

హుర్రెమ్ ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతం నుంచి ఎత్తుకొచ్చిన పిల్ల, అంతఃపురంలో బానిస. సుల్తానులు బానిసలను నిఖా చేసుకోని రోజుల్లో సులేమాన్ ఆమెను చేసుకున్నాడు. ఆయన యుద్ధాలకు వెళ్లినప్పుడు ఆమె రాసిన ఉత్తరాలు ఇప్పటికీ ఉన్నాయి. 'ముహిబ్బీ' అనే పేరుతో ఆయన వేల పద్యాలు రాశాడు. ముహిబ్బీ అంటే ప్రేమించేవాడు.

బతికున్న కొడుకుల్లో పెద్దవాడు ముస్తఫా మాత్రం మహిదెవ్రాన్ అనే మరో స్త్రీకి పుట్టాడు. అమాస్యాలో పాలన చూసేవాడు. సుల్తాను సొంత కాల్బలమైన జానిసరీ సిపాయిలకు అతనంటే ప్రాణం. అదే అతని ప్రాణం మీదికి తెచ్చింది. ఇరాన్ షాతో చేతులు కలిపి తండ్రిని దించాలని చూస్తున్నాడని సుల్తాను చెవిన వేశారు. వేసినవాడు హుర్రెమ్ అల్లుడు, ప్రధాన వజీరు రుస్తుం పాషా అని ఆనాడే అందరూ అనుకున్నారు. 1553 అక్టోబరు, కొన్యా దాటాక ఎరెగ్లీ దగ్గర సైన్యం విడిది. తండ్రి రమ్మని కబురు పంపాడు. వెళ్లొద్దని దగ్గరివాళ్లు చెప్పారు. ముస్తఫా వెళ్లాడు. నాన్న దగ్గరికే కదా. డేరాలో మూగ తలారులు తాడుతో ఎదురుచూస్తున్నారు. ముస్తఫా బలమైనవాడు, పెనుగులాడాడు. సుల్తాను తెర వెనక నుంచి తల బయటికి పెట్టి, ఇంకా ఎంతసేపని తలారుల వంక ఉరిమి చూశాడని, తర్వాత కొద్దికాలానికి ఇస్తాంబుల్ వచ్చిన రాయబారి బుస్బెక్ రాశాడు. శవాన్ని తివాచీ మీద వేసి డేరా ముందు పెట్టారు, సిపాయిలు చూసేలా.

"ఆ కాలం అంతేలే" అని చాలామంది సర్దుకుపోతారు. నాకు మనసొప్పదు. ఎందుకంటే ఆ కాలం మనుషులే ఒప్పుకోలేదు. సిపాయిలు గోలపెట్టారు, వాళ్లను చల్లార్చడానికి రుస్తుం పాషాను పదవి నుంచి తీసేయాల్సి వచ్చింది. రెండేళ్లకు మళ్లీ ఇచ్చారనుకోండి. యహ్యా అనే సైనిక కవి ముస్తఫా మీద శోకగీతం రాస్తే అది నోటికి నోటా పాకింది. సుల్తాను బతికుండగానే! గూని ఉన్న చిన్న కొడుకు జిహంగీర్ కొన్ని వారాలకే చనిపోయాడు, అన్న మీద బెంగతోనే అని జనం చెప్పుకున్నారు. తర్వాత ఇంకో కొడుకు బాయజీద్ అన్న అని చూడక సెలీంతో యుద్ధానికి దిగి, ఓడి, ఇరాన్‌కు పారిపోయాడు. 1561లో షా బంగారం తీసుకుని అతన్నీ, అతని కొడుకుల్నీ తలారులకు అప్పగించాడు. మిగిలింది సెలీం ఒక్కడే. రైతు దగ్గర ఎక్కువ శిస్తు తీసుకోకుండా అడ్డుపడిన కానూను, కన్నకొడుక్కి ఒక విచారణ కూడా ఇప్పించలేకపోయింది.

ముహిబ్బీ పద్యాల్లో ఒకటి టర్కీలో ఇప్పటికీ అందరి నోటా ఉంటుంది. 'దేవ్లెత్' అనే మాట మీద కట్టిన పద్యం. మన దౌలత్తే అది. తుర్కీలో దానికి రాజ్యం అనీ, భాగ్యం అనీ రెండర్థాలు. జనం దేవ్లెత్‌ను మించింది లేదంటారు గానీ, ఒక్క ఊపిరి ఆరోగ్యంగా తీసుకోవడాన్ని మించిన దేవ్లెత్ లోకంలో లేదు, అని దాని భావం. కీళ్లవాపుతో ఏళ్ల తరబడి బాధపడ్డ మనిషి మాట కాబట్టి నేను దాన్ని నమ్ముతాను.

ఇస్తాంబుల్ కొండ మీద 1550 నుంచి 1557 దాకా కట్టిన సులేమానియె మసీదు సినాన్ అనే వాస్తుశిల్పి పని. కైసరీ దగ్గర క్రైస్తవ కుటుంబంలో పుట్టి, సైన్యంలో వంతెనలు కడుతూ ఎదిగినవాడు. గుమ్మటం నేల నుంచి 53 మీటర్ల ఎత్తు. వందల నూనె దీపాల మసి గోడలకు పట్టకుండా, గాలి దాన్ని ద్వారం పైనున్న చిన్న గదిలోకి లాక్కుపోయేలా కట్టాడని చెబుతారు. అక్కడ చేరిన మసితో సిరా చేసేవారట. మసీదు చుట్టూ మదరసాలు, వైద్యశాల, పేదలకు రోజూ అన్నం పెట్టే వంటశాల. ఊరి బయట మగ్లోవా అనే వంతెన మీదుగా నగరానికి మంచినీళ్లు తెచ్చింది కూడా సినానే. జెరూసలేం పాత ఊరి చుట్టూ ఈరోజు మనం ఫోటోల్లో చూసే ప్రాకారం కూడా సులేమాన్ కట్టించిందే. మసీదు వెనక సమాధుల తోటలో హుర్రెమ్ పక్క గుమ్మటం కిందే ఆయనా ఉన్నాడు. గుండెను మాత్రం సిగెత్వార్‌లోనే పాతిపెట్టారని చెబుతారు.

హుర్రెమ్ పేరు చెబితే చాలామందికి కుట్రలే గుర్తొస్తాయి. ఆమె ఇస్తాంబుల్‌లో సినాన్ చేత ఒక మసీదు, బడి, వంటశాల, ఆస్పత్రి కట్టించింది. ఆ పేట పేరు హసెకీ, ఆమె బిరుదే ఆ పేటకు పేరైంది. ఆ పేటలో ఆ పేరుతో ఇవాళ్టికీ ఒక పెద్ద ఆస్పత్రి నడుస్తోంది.

సెలీం ద్వారా వంశం సాగింది కాబట్టి తర్వాతి ఒట్టోమన్లంతా సులేమాన్, హుర్రెమ్‌ల సంతానమే. 1924లో ఖలీఫా పదవి రద్దయ్యి ఆ కుటుంబం దేశం వదలాల్సి వచ్చింది. 1931 నవంబరులో ఫ్రాన్స్‌లోని నీస్ పట్టణంలో ఆ ఇంటి ఆడపిల్లలు ఇద్దరు హైదరాబాద్ నిజాం కొడుకులను పెళ్లాడారు. ఒకరు దుర్రుషెహ్వార్, ఇంకొకరు నిలోఫర్. దుర్రుషెహ్వార్ పేరుతో పురానీ హవేలీ దగ్గర పిల్లల ఆస్పత్రి ఉంది. నిలోఫర్ దగ్గర పనిచేసే మనిషి కాన్పులో చనిపోతే ఆమె తట్టుకోలేకపోయిందనీ, రెడ్‌హిల్స్‌లో తల్లీపిల్లల ఆస్పత్రి ఆ బాధలోంచే పుట్టిందనీ హైదరాబాద్‌లో చెప్పుకుంటారు. నిలోఫర్‌కు పిల్లలు లేరు. ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో ఎందరో ఆ ఆస్పత్రిలో పుట్టినవాళ్లే అయ్యుంటారు.

నమస్కారం.