గట్టి చెక్కలో అక్షరాలు కోయడానికి ఈ స్క్రోల్ సా పనికొస్తుందా?

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తాను, ఈ స్క్రోల్ సా, అంటే సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ మెలికలు కోసే రంపం మెషీన్, నేను కొన్నది కాదు. కంపెనీ వాళ్లు రివ్యూ కోసం ఉచితంగా పంపారు. డబ్బులేమీ తీసుకోలేదు, వీడియో ముందుగా వాళ్లకు చూపించనూ లేదు. మోటారు, బరువు, టేబుల్ కొలతలు మీరు ఈపాటికే చూసి ఉంటారు కాబట్టి వాటి జోలికి వెళ్లను. దీంతో గట్టి చెక్కలో అక్షరాలు కోయగలమా లేదా, నాకు కావాల్సింది అదొక్కటే.

అక్షరాల పనిలో టైమ్ ఎక్కువగా తినేది కోత కాదు, బ్లేడు విప్పి బిగించడం. 'ర' తీసుకోండి. లోపలి గుండ్రం తీయాలంటే అక్కడ డ్రిల్‌తో బెజ్జం వేయాలి, బ్లేడు ఒక కొస విప్పాలి, బెజ్జంలోంచి దూర్చాలి, మళ్లీ బిగించి టెన్షన్ పెట్టాలి. పక్కనే సున్నా ఉంటే మళ్లీ అదే తంతు. నా పాత మెషీన్‌కి కొసల్లో అడ్డంగా చిన్న పిన్ ఉన్న బ్లేడ్లే పట్టేవి. ఆ పిన్ దూరాలంటే బెజ్జం పెద్దది కావాలి. చిన్న అక్షరమైతే లోపలి ఖాళీ అంతా ఆ బెజ్జానికే సరిపోయేది.

ఇప్పుడు దీన్ని దగ్గరగా చూడండి. మెషీన్‌కున్న పై చేయి ఇలా ఎత్తితే అలాగే నిలబడిపోతుంది. పిన్ లేని బ్లేడు పై నుంచి వేలాడుతోంది. చెక్కలో బెజ్జం నా కళ్ల ముందే ఉంది, బ్లేడు కొస అందులోకి దింపాను, చేయి కిందికి దించాను, టేబుల్ కింద మర తిప్పాను, ముందున్న లివర్ నొక్కాను. అయిపోయింది! ఏ అలెన్ కీ, స్పానరూ అక్కర్లేదు. నిజంగా చెబుతున్నా, ఈ ఒక్క సదుపాయం కోసం మిగతా లోపాలు చాలావరకు క్షమించేస్తాను.

టెన్షన్ సరిపోయిందా అంటే బ్లేడును వేలితో మీటండి, టింగుమని సన్నగా మోగాలి. వదులుగా ఉంటే మందపు చెక్కలో బ్లేడు మధ్యలో వంగుతుంది. పైన గీత మీదే వెళ్తున్నట్టుంటుంది, తిరగేసి చూస్తే కింద అక్షరం పక్కకు జరిగి ఉంటుంది. ఈ 19 మిల్లీమీటర్ల టేకు ముక్కలో 5 నంబరు బ్లేడుతో కోసిన 'ఠ' చూడండి, రెండు వైపులా ఒకేలా వచ్చింది. లోపలి చుక్క మాత్రం దేనికీ అంటుకుని ఉండదు, ఊడొచ్చేస్తుంది. దాన్ని దాచి, వెనక పలక మీద అతికించాలి. 'ప', 'స', 'హ'ల తలకట్టు కూడా చాలా ఫాంట్లలో విడిగానే ఉంటుంది. విడి అక్షరాలు కోసేటప్పుడు గీతలోనే చిన్న వంతెన కలిపేయండి. సన్నటి మెడలు గ్రెయిన్‌కి, అంటే చెక్క నారకి, అడ్డంగా పడితే పుటుక్కున విరుగుతాయి, అక్షరాన్ని తిప్పి గీసుకోండి.

మేపుల్ చెక్క కోస్తే అంచులు నల్లబడ్డాయి. అది మెషీన్ తప్పు కాదు. మేపుల్, చెర్రీ త్వరగా మాడతాయి. పైన ప్యాకింగ్ టేప్ అంటించి, స్పీడు తగ్గించి, చెక్కను బలంగా నెట్టకుండా కోస్తే చాలావరకు తగ్గుతుంది. కోత ఒక పక్కకు లాగుతోందని కూడా మెషీన్‌ని తిడుతుంటారు. అచ్చు గుద్ది చేసిన బ్లేడ్లకు ఒక వైపు అంచు గరుకుగా మిగులుతుంది, అందుకే ఆ లాగుడు. చెక్కను కాస్త ఓరగా పట్టి నెట్టండి.

ఇక నాకు చిర్రెత్తించింది ఈ గాలి గొట్టం. గీత మీద పొట్టు ఊదడమే దీని పని. దీని గాలి గీతకు వేలెడు దూరంలో పోతోంది! వంచి పెడితే కాసేపటికి వణుకుకి మళ్లీ పక్కకు తిరుగుతుంది. 'క్ష' లాంటి మెలికల్లో గీత కనబడకపోతే ఏం కోస్తాం? ప్రతి మలుపు దగ్గరా ఆగి నోటితో ఊదాల్సి వస్తోంది. టేకు పొట్టు గొంతులోకి పోతే దగ్గు ఆగదు, మాస్క్ తీయడానికీ లేదు. ఇంత మంచి బిగింపు చేసినవాళ్లు ఒక గొట్టాన్ని కదలకుండా నిలబెట్టలేరా?

టేబుల్ పక్కనున్న కోణం స్కేలుని నమ్మకండి, మూలమట్టం పెట్టి బ్లేడు నిటారుగా ఉందో లేదో చూసుకోండి.

నా తీర్పు: అక్షరాల కోసమైతే కొనండి. పలకలు, బొమ్మల అంచులు, అంటే బయటి కోతలే ఎక్కువైతే ఇంత ఖర్చు అక్కర్లేదు. నేనైతే పాతదాన్ని బెంచీ మీంచి దించేశాను. గొట్టం స్థానంలో చిన్న పంపు ఒకటి బిగించబోతున్నాను, అది పనిచేస్తే ఎలా బిగించానో వీడియో పెడతాను.