మునెమ్మక్క బీపీ, షెఫీల్డ్‌లో 10 నిమిషాలు | తిరుపతి వ్లాగ్

హాయ్ అందరికీ, ఎట్లుండారు? ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ నుంచి లీవుకి తిరుపతి వచ్చి నాలుగు రోజులైంది, ఈరోజు గాంధీ రోడ్డు షాపింగ్ చూపిస్తానని మా చిన్నమ్మకి మాటిచ్చినా, కానీ కెమెరా ఆన్ చేసేలోపే మా ఇంట్లో పనిచేసే మునెమ్మక్క అంట్లు తోముతా తోముతా కళ్ళు తిరిగి గోడకానుకుని కూర్చుండిపోయింది. అమ్మ బీపీ మిషన్ పెట్టి చూస్తే 180/110.

మాత్రలు వేసుకుంటా ఉండావా అక్కా అంటే కొంగు ముడి విప్పి చూపించింది. కత్తెరతో కత్తిరించిన షీటు ముక్క, అందులో మూడే మాత్రలు. అయిపోతాయని రోజు మార్చి రోజు వేసుకుంటా ఉందంట! గవర్నమెంట్ ఆసుపత్రిలో ఫ్రీనే కదక్కా అన్నా. "ఫ్రీనేమ్మా, పొద్దున్నే లైన్లో నిలబడాల కదా, ఐదిళ్ళ పని ఎవురు చేస్తారు, రాకపోతే జీతంలో కోస్తారు" అనింది. లోపలికి పోయినా డాక్టరు తలెత్తేలోపు వెనకామె వచ్చి నిలబడుతుందంట. రోజూ వేసుకోవాలని ఆమెకి కూర్చోబెట్టి చెప్పినోళ్ళే లేరు.

మా అమ్మకీ ఇదే బీపీ. 500 ఫీజు కట్టి సాయంత్రం తీరిగ్గా పోతాది, ఆ డాక్టరు నిద్ర పడుతోందా, ఊరగాయ తగ్గించినారా అని పావుగంట అడుగుతాడు. (తగ్గించలేదు, జాడీ నేను చూసినా.) ఆరోగ్యశ్రీ 2007లో వచ్చినాక గుండె ఆపరేషన్‌కి అప్పులు చేసే బాధ మా బంధువుల్లోనే తగ్గింది, అది నిజం, కానీ గుండెదాకా పోకుండా ఆపే ఈ చిన్న వైద్యం దగ్గరే డబ్బున్నోళ్ళకి ఒకరకం, లేనోళ్ళకి ఒకరకం.

షెఫీల్డ్‌లో మాకు జీపీ అని ఉంటారు, మనం ఉండే ఏరియా డాక్టరు, అడ్రస్ ఇచ్చి పేరు రాయించుకోవాల. పొద్దున 8కి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ పట్టడం ఉంది చూడండీ, అబ్బా, దానికి వేరే వీడియో కావాల! దొరికితే మాత్రం మామూలుగా 10 నిమిషాలు, మా మేనేజర్‌కీ అంతే, ఆఫీసు తుడిచే ఆమెకీ అంతే, ఫీజు లేదు. 40 దాటినోళ్ళకి మందుల షాపులోనే బీపీ ఊరికే చూస్తారు. మందులకైతే ఒక్కోదానికి 9.90 పౌండ్లు, మన డబ్బుల్లో 1,100 పైనే. వీసాకే ఏడాదికి మనిషికి 1,035 పౌండ్లు, అంటే లక్ష పైనే, వైద్యం కోసమని ముందే కట్టించుకున్నారు. ఒంటరిగా జ్వరంతో పడున్నప్పుడు ఆ వారమంతా నాతో ఎదురుగా కూర్చుని మాట్లాడిన మనిషి ఆ డాక్టరొక్కతే.

అక్కడా అంతా సమానం కాదులెండి, పేదోళ్ళుండే ఏరియాల్లో ఒక్కో డాక్టరుకి జనం ఎక్కువ. వేల్స్‌లో బొగ్గుగనుల ఊర్లో పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు 1971లోనే రాసినాడు, వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే తక్కువ అందుతుందని. రాసి ఊరుకోలేదాయన, ఊర్లో పెద్దోళ్ళందరికీ, బాగుండారనుకున్నోళ్ళకి కూడా, పిలిచి బీపీ చూసినాడు.

గాంధీ రోడ్డు ఇంకోరోజు. రేపు పొద్దున మునెమ్మక్కతో నేనే ఆసుపత్రికి పోతా ఉండా, లైన్లో నేను నిలబడతా, ఆమె కూర్చుంటుంది. మిగతా నాలుగిళ్ళకీ ఫోన్ చేసి చెప్పినాను. ముగ్గురు సరే అన్నారు, ఒకావిడ "మరి అంట్లు?" అనింది. నేనొచ్చి తోముతా ఆంటీ అని చెప్పినా.