చెరువులో చేపలు ఎందుకు చచ్చాయి?

శ్రోతలకు నమస్కారం.

2017 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చి తేలాయి. రెండు లక్షలకు పైగా ఉంటాయని అప్పట్లో వార్తలు వచ్చాయి. చుట్టుపక్కల ఫ్యాక్టరీలు వదిలిన నీళ్లే కారణమని మత్స్యకారులు ఆరోపించారు. ఇలా జరిగిన ప్రతిచోటా వినిపించే మాట ఒకటుంది: నీళ్లలో ఆక్సిజన్ తగ్గిందట, అందుకే చచ్చాయట. చాలాసార్లు అది నిజమే. కానీ విచారణ అక్కడితో ఆగిపోతే నాకు బాధగా ఉంటుంది. ఆక్సిజన్ ఊరికే తగ్గదు కదా! దాన్ని తగ్గించింది ఏమిటో కూడా తేలాలి.

మొదట చూడాల్సింది వేళ. పగలు ఎండలో నీళ్లలోని నాచు ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి అదే నాచు, చేపలు, అడుగున కుళ్లే చెత్త అన్నీ కలిసి దాన్ని వాడేసుకుంటాయి. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి గాలి కోసం కొట్టుకుంటాయి. రెండు మూడు రోజులు మబ్బు పడితే కష్టం ఇంకా పెరుగుతుంది. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే చేపలకు ఇబ్బంది ఉండదు. 2 కంటే కిందికి పోతే బొచ్చె, రవ్వ లాంటివి తట్టుకోలేవు.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. ఫిర్యాదు అందాక మధ్యాహ్నం రెండు గంటలకు ఎవరో మీటరు పట్టుకుని వస్తారు. అప్పటికి ఎండకాసి ఆక్సిజన్ పెరిగిపోయి ఉంటుంది. నీళ్లు బాగానే ఉన్నాయని రాసుకుని వెళ్లిపోతారు. తెల్లవారకముందే కొలవకపోతే అసలు సంగతి బయటపడదు.

తర్వాత, ఏవి చచ్చాయి, ఏవి బతికాయి అని చూడాలి. కొర్రమీను పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకోగలదు. బొచ్చెలు, రవ్వలు పోయి కొర్రమీను బతికి ఉంటే ఆక్సిజన్ కొరతే అని అనుమానించవచ్చు. కొర్రమీనుతో పాటు కప్పలు, నత్తలు కూడా పట్టపగలు ఒక్కసారిగా చస్తే అది విషం పని కావచ్చు. రోజుకు కొన్ని చొప్పున, అదీ ఒకే రకం చేపలు, ఒంటిమీద పుండ్లతో పోతుంటే రోగం సంగతి చూడాలి. మొప్పలు ఎత్తి చూడండి. గోధుమరంగులో ఉంటే నీళ్లలో నైట్రైట్ అనే విషపదార్థం ఎక్కువైందేమో పరీక్ష చేయించాలి.

చచ్చిన చేపలు ఎక్కడ తేలాయో అక్కడే చచ్చాయనుకోకండి. గాలి వాటిని కట్టవైపో, ఇంకో ఒడ్డుకో నెట్టుకుపోతుంది. చెరువులోకి వచ్చే కాలువలు, మురుగు పైపుల వెంట ఎగువకు నడిచి వాసన, రంగు, నురగ గమనించాలి. మురుగు ఎక్కువగా కలిస్తే దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులే ఆక్సిజన్ అంతా లాగేసుకుంటాయి. అప్పుడు చేపలు ఊపిరాడక చచ్చినా అసలు కారణం ఆ మురుగే.

ఆధారాలు గంటల్లోనే చెరిగిపోతాయి. కాబట్టి కబురు తెలిసిన వెంటనే ఫోన్లో టైమ్ కనిపించేలా వీడియో తీయండి. శుభ్రమైన గాజు సీసాల్లో నీళ్లు అంచుదాకా నింపి మూత బిగించి, ఐసులో పెట్టండి. ఒకటి చేపలు చచ్చిన చోటు నుంచి, ఒకటి కాలువ కలిసే చోటు నుంచి, ఇంకొకటి ఏ ఇబ్బందీ లేని చోటు నుంచి తీసుకుంటే పోల్చి చూడడానికి వీలవుతుంది. సీసా మీద చోటు, తేదీ, టైమ్ రాయాలి. రోగం పరీక్షకు కుళ్లిన చేప పనికిరాదు. కొనఊపిరితో ఉన్నదాన్నో, అప్పుడే చచ్చినదాన్నో ఇవ్వాలి.

మత్స్యశాఖకూ, కాలుష్య నియంత్రణ మండలికీ కాగితం మీద ఫిర్యాదు ఇచ్చి రసీదు అడిగి తీసుకోండి. ఫోటోలు తీయడం, శాంపిల్స్ తీసుకోవడం అయ్యాకే చచ్చిన చేపలను నీటికి దూరంగా గుంత తీసి, సున్నం చల్లి పూడ్చండి. కారణం తేలేదాకా ఆ చేపల్ని తినకండి, అమ్మకండి, పశువులను ఆ నీళ్ల దగ్గరకు తోలకండి.