హైడ్రోజన్‌పై వార్డు సమావేశం: ఎవరిని పిలవాలి, ఏమి అడగాలి?

(చెన్నైలోని తెలుగు శ్రోతల కోసం నిర్వహించిన ఫోన్-ఇన్ కార్యక్రమానికి లిఖిత రూపం. సమాధానాలిచ్చినవారు ఉత్తర చెన్నై పరిశ్రమల్లో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక కెమికల్ ఇంజనీరు.)

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. కేంద్ర మంత్రివర్గం 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. గ్రీన్ హైడ్రోజన్ అంటే తయారీలో కార్బన్ చాలా తక్కువగా వెలువడే హైడ్రోజన్. మన పెరంబూరులోని రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో 2025లో హైడ్రోజన్ రైలు పెట్టెను పరీక్షించారు. ఇప్పుడీ మాట వార్డు స్థాయికి వచ్చింది. మొదటి ఫోన్ కొడుంగైయూరు నుంచి.

శ్రోత: నమస్కారం సార్. నేను మా కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శిని. హైడ్రోజన్ విషయంలో ప్రజలను, పరిశ్రమలవారిని ఒకచోట చేర్చి సమావేశం పెట్టాలని మా కౌన్సిలర్‌గారు అనుకుంటున్నారు. ఇంతకుముందు ఇలాంటి సమావేశానికి ఒకసారి వెళ్లాను. రిజిస్టరులో సంతకం చేయించుకున్నారు, టీ, సమోసా ఇచ్చారు, మైకు మాత్రం మొదటి వరుస దాటి వెనక్కి రాలేదు. ఈసారి అలా జరగకూడదంటే ఏమి చేయాలి?

నిపుణుడు: ముందు కార్పొరేషన్ చేతిలో ఏముందో, ఏమి లేదో తేల్చుకోండి. హైడ్రోజన్ నిల్వకు లైసెన్సు ఇచ్చేది పెసో అనే కేంద్ర సంస్థ, కాలుష్యం సంగతి చూసేది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. ఈ రెండింటిలోనూ కౌన్సిలర్‌గారి సంతకంతో పనిలేదు. అయితే వీళ్లందరినీ స్థానికుల ఎదుట ఒకే గదిలో కూర్చోబెట్టగల చొరవ కార్పొరేషన్‌కే ఉంటుంది, అది చిన్న బలమేమీ కాదు. కంపెనీవారు, ప్రొఫెసర్లు పిలిస్తే ఎలాగూ వస్తారు. పిలుపు అందనివారినే మీరు వెతికి పట్టుకోవాలి: మీ ఇరుకు మలుపుల్లో సిలిండర్ల లారీ తిప్పే డ్రైవరు, ప్రమాదం జరిగితే అందరికంటే ముందు చేరవలసిన ఫైర్ స్టేషన్ అధికారి, నగరానికి నీళ్లిచ్చే మెట్రోవాటర్ సంస్థ ఇంజనీరు. సమావేశానికి వారం ముందే ఒక పేజీ సమాచారాన్ని తమిళంలోనూ తెలుగులోనూ ఇంటింటికీ పంచండి. రోజుకు ఎన్ని కిలోల ఉత్పత్తి, ఎంత నిల్వ, ఎన్ని యూనిట్ల కరెంటు, ఎన్ని లీటర్ల నీళ్లు అన్నది అందులో లేకపోతే, ఆ రోజు హాలులో ఉపన్యాసాలే మిగులుతాయి.

వ్యాఖ్యాత: నీళ్లంటే 2019 వేసవి కరువు చూసిన ఊరికి భయమే కదండీ?

నిపుణుడు: భయం సహజమే, కానీ లెక్క వేసి చూద్దాం. కిలో హైడ్రోజన్ తయారు కావడానికి రసాయన చర్యలో 9 లీటర్ల నీరు ఖర్చవుతుంది. ఎలక్ట్రోలైజర్ అంటే కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసే యంత్రం. ఒక మెగావాట్ ఎలక్ట్రోలైజర్ రోజంతా నడిస్తే సుమారు 450 కిలోలు వస్తుంది, అంటే 4,000 లీటర్ల పైచిలుకు. నీటిని శుద్ధి చేయడంలో, చల్లబరచడంలో పోయేది దీనికి అదనం. కొడుంగైయూరులో మురుగునీటిని శుద్ధి చేసి మణలి పరిశ్రమలకు పంపే కేంద్రం సామర్థ్యం రోజుకు 4.5 కోట్ల లీటర్లు. కాబట్టి గట్టిగా నిలదీయవలసింది నీళ్ల గురించి కాదు, కరెంటు గురించి. కిలోకు 50 నుంచి 55 యూనిట్లు కావాలి. మామూలు గ్రిడ్ కరెంటు వాడితే, యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున, ఒక్క కిలో హైడ్రోజన్ వెనుక 35 కిలోలకు పైగా వెలువడుతుంది. గ్రీన్ అనిపించుకోవడానికి ప్రభుత్వం 2023లో పెట్టిన హద్దు 2 కిలోలు. సహజవాయువుతో చేసే పాత పద్ధతిలో కూడా 10 కిలోల దగ్గరే ఆగుతుంది. అందువల్ల కరెంటు ఏ సౌర, పవన విద్యుత్ ఒప్పందం కింద వస్తుందో కాగితం చూపించమనండి.

ఇంకో దారి కూడా ఉంది. జపాన్‌లోని ఫుకువోకా నగరం విశ్వవిద్యాలయాన్ని, కంపెనీలను కలుపుకుని, మురుగునీటి శుద్ధి కేంద్రంలో వచ్చే బయోగ్యాస్ నుంచి హైడ్రోజన్ తీసి కార్లకు నింపే స్టేషన్‌ను 2015లో తెరిచింది. మీ ఊరి మురుగునీటి కేంద్రంలోనూ బయోగ్యాస్ పుడుతోంది కనుక, ఈ ప్రశ్న అడిగే హక్కు మీకు అందరికంటే ఎక్కువ. కొనేవారి కోసం కూడా దూరం పోనక్కరలేదు. మణలి రిఫైనరీ డీజిల్‌లోని గంధకాన్ని తీయడానికి ఇప్పటికే హైడ్రోజన్ వాడుతోంది. బండ్ల సంగతి తర్వాత చూసుకోవచ్చని నా అభిప్రాయం.

వ్యాఖ్యాత: తర్వాతి ఫోన్ ఎన్నూరు నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: సార్, మాది సముద్రం ఒడ్డున జాలరి కుప్పం. 2023 డిసెంబరు 26 రాత్రి అమ్మోనియా లీకైనప్పుడు తడి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, పిల్లను చంకన వేసుకుని రోడ్డు మీదికి పరిగెత్తాను. ఇప్పుడు గ్రీన్ అమ్మోనియా అంటున్నారు. గ్రీన్ అయితే ఘాటు ఉండదా?

నిపుణుడు: ఉంటుందమ్మా, అదే ఘాటు. గ్రీన్ అన్నది తయారుచేసిన పద్ధతికి పెట్టిన పేరు. హైడ్రోజన్‌ను ద్రవంగా మార్చాలంటే మైనస్ 253 డిగ్రీలకు చల్లబరచాలి, అమ్మోనియాకు మైనస్ 33 చాలు. అందుకే ఓడల్లో పంపడానికి హైడ్రోజన్‌ను అమ్మోనియాగా మారుస్తారు. హైడ్రోజన్‌తో వచ్చే ప్రమాదం వేరు. దానికి వాసన లేదు, పగటి వెలుతురులో మంట దాదాపు కనిపించదు, గాలిలో 4 నుంచి 75 శాతం వరకు ఎంత కలిసినా అంటుకోగలదు. గాలికంటే చాలా తేలిక కనుక ఆరుబయట త్వరగా పైకి పోతుంది గాని, మూసిన షెడ్డులో కప్పు కింద చేరి నిలుస్తుంది. సమావేశంలో మీరు అడగవలసింది ఇది: సైరన్ ఎవరు మోగిస్తారు, గాలి మా వైపు వీస్తుంటే మేము ఎటు పోవాలి, దాన్ని ఒక రాత్రి మా చేత చేయించి చూపిస్తారా? ఇంకో మాట. పర్యావరణ అనుమతికి ప్రజాభిప్రాయ సేకరణ జరపవలసిన ప్రాజెక్టులకు 2006 నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, చివర్లో ఎవరు ఏమన్నారో స్థానిక భాషలో చదివి వినిపించాలి. వార్డు సమావేశానికి ఆ నిబంధన వర్తించకపోయినా, అదే పద్ధతి పాటించమని కౌన్సిలర్‌గారిని అడగండి. మీరన్న మాట మినిట్స్‌లో, అంటే సమావేశపు రికార్డులో, ఎక్కిందో లేదో వినకుండా సంతకం పెట్టవద్దు.

వ్యాఖ్యాత: సమయం తక్కువగా ఉంది. మాధవరం నుంచి ఐటీఐ ఫిట్టర్ చదివిన ఒక తమ్ముడు.

శ్రోత: సార్, ఇందులో మాలాంటివాళ్లకు పని దొరుకుతుందా?

నిపుణుడు: బస్సుల ట్యాంకుల్లో హైడ్రోజన్‌ను 350 బార్, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు 350 రెట్ల ఒత్తిడితో నింపుతారు. అంత ఒత్తిడిలో, అంత చిన్న అణువును జాయింటు దాటనివ్వకుండా ఆపేది ఫిట్టరు చెయ్యే. హై ప్రెషర్ ట్యూబింగ్, లీక్ టెస్టింగ్ నేర్చుకోండి. కొడుంగైయూరు కార్యదర్శిగారు వింటూ ఉంటే, పిలవవలసినవారి జాబితాలో మీ ఐటీఐ ప్రిన్సిపాల్ పేరు కూడా రాసుకోమని మనవి.