నీ కుమారుడు నిన్ను అడిగినప్పుడు

సంఘ పెద్దలకు, తల్లిదండ్రులకు, సండే స్కూల్ ఉపాధ్యాయులకు ప్రభువు నామములో వందనములు.

దేవుని మాటలను పిల్లలకు అభ్యసింపజేయమని ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయంలో మోషే చెప్పాడు. ఆ మాటకు హెబ్రీ మూలంలో పదును పెట్టడమనే అర్థం ఉంది. కత్తిని సానరాయి మీద ఒక్కసారి రాసి తీసేస్తే పదునెక్కదు. అందుకే ఇంట కూర్చున్నప్పుడు, త్రోవను నడిచేటప్పుడు, పండుకొనేటప్పుడు, లేచేటప్పుడు అని మోషే సమయాలు కూడా చెప్పాడు. సండే స్కూల్ అక్కరలేదని నేననడం లేదు, ఏళ్ల తరబడి అక్కడ పాఠం చెప్పినవాడినే. అయితే మోషే చెప్పిన ఆ నాలుగు వేళల్లో పిల్లల పక్కన ఉండేది ఉపాధ్యాయుడు కాదు, తల్లిదండ్రులే.

అదే అధ్యాయంలో, ఈ శాసనాలు, కట్టడలు ఏమిటని కుమారుడు అడిగే రోజు వస్తుందని కూడా ఉంది. మన ఇళ్లలో ఆ ప్రశ్న వస్తే "అలా అడగకూడదు, కళ్లు మూసుకో" అంటాం. మోషే మాత్రం తండ్రి నోట ఒక వృత్తాంతం పెట్టాడు: మనం ఐగుప్తులో ఫరోకు దాసులం, ప్రభువు మనలను బయటికి రప్పించాడు.

మన ఒంగోలు ప్రాంతపు బాప్తిస్టు కుటుంబాలకు అలాంటి వృత్తాంతం లేకపోలేదు. 1876-78 నాటి కరవులో అమెరికా బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి పని చూపించాడు. తిండి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని ఆ పని సాగినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపాడు. ఆ తరువాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిని నీళ్లలో ముంచి లేపింది తెలుగు బోధకులే. ఆ వరుసలో తమ ముత్తాత నిలబడ్డాడో లేదో మన పిల్లల్లో ఎందరికి తెలుసు? మనమే చెప్పకపోతే వాళ్లకు ఎవరు చెబుతారు?

చెప్పడమంటే గద్దించడం మాత్రమే కాదు. యాజకుడైన ఏలీ తన కుమారులను గద్దించాడు గాని వాళ్లు చేయి దాటిపోయాక గద్దించాడు, అడ్డగించలేదు. ఇంకా బాధాకరమేమిటంటే, ఆ యింట పెరిగి అదంతా కళ్లారా చూసినవాడు సమూయేలు, అయినా అతని కుమారులు కూడా దారి తప్పి లంచాలు తీసుకున్నారు. భక్తి వారసత్వంగా రాదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

పౌలు శిష్యుడైన తిమోతికి తండ్రి గ్రీసు దేశస్థుడు. తిమోతిలోని విశ్వాసం మొదట అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉండేదని పౌలు రాశాడు. మా నాయనమ్మకు అక్షరం రాదు. రాత్రి భోజనాలయ్యాక చాప పరచి, లాంతరు దగ్గర నాచేత 23వ కీర్తన చదివించేది. నిద్ర ముంచుకొస్తుంటే నేను గబగబా ఒక వరుస దాటేసేవాడిని. ఆమె కళ్లు తెరవకుండానే "ఒక మాట మింగావురా, వెనక్కి పో" అనేది. నేను వెనక్కి వెళ్లి మళ్లీ చదివేవాడిని: "నీవు నాకు తోడై యుందువు."