ఆటలో పట్టని ఆట: వీడియో గేమ్ మాన్యువల్ పుస్తకాలు

[తెరపై: తెరిచిన గేమ్ పెట్టె. డిస్కు పక్కన చిన్న పుస్తకం.]

ఇప్పుడు ఆట కొంటే నేరుగా ఫోనులోకో కంప్యూటర్‌లోకో దిగిపోతుంది. ఒకప్పుడు పెట్టెలో పుస్తకం కూడా వచ్చేది. ఏ మీట నొక్కితే ఏమవుతుందో చెప్పడంతో దాని పని తీరిపోయేది కాదు. ఆటలో పట్టని ఆటంతా అందులోనే ఉండేది.

1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ ఆట మొత్తం పరిమాణం 40 కిలోబైట్లు. ఇవాళ ఫోనుతో తీసే ఒక్క ఫొటో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. అంత ఇరుకులో కథకు చోటెక్కడిది? అందుకే అది కాగితం మీదికి చేరింది. ఆ ఆట జరిగే పుట్టగొడుగుల రాజ్యం ప్రజలు మంత్రప్రభావంతో ఇటుకలుగా, రాళ్లుగా మారిపోయారని తెర మీద ఎక్కడా ఉండదు. పుస్తకం చదివినవాళ్లకే తెలుస్తుంది.

1989 నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆట పీసీ కూర్పులో పుస్తకమే తాళంచెవి. మొదటి దశ దాటగానే అక్షరాలు రాసిన సీసాలు కనిపిస్తాయి. ఫలానా పేజీ, ఫలానా వరుస, ఫలానా మాట చూడమంటుంది ఆట. ఆ మాట మొదటి అక్షరమున్న సీసా తాగితేనే ముందుకు దారి. నకలు ఫ్లాపీలను అడ్డుకోవడానికి చేసిన ఏర్పాటిది. కోనసీమలో నా ఈడు పిల్లలకు చాలామందికి ఆటలు అందింది ఆ నకళ్లతోనే, పుస్తకం లేకుండానే. ఆ లోటు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

[తెరపై: మడతలు విప్పిన పెద్ద పట్టిక.]

అసలు పెట్టె దొరికితే మాత్రం పండగే. రాజమండ్రిలో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అనే యుద్ధాల ఆట కొని అమలాపురం బస్సెక్కితే, జొన్నాడ దగ్గర గౌతమి వంతెన వచ్చేసరికే పెట్టెలో వచ్చిన పట్టిక ఒళ్లో పరిచి, ఏ సైన్యం దేని తర్వాత వస్తుందో వేలితో వెతుక్కునేవాళ్లం. ఇంట్లో కరెంటు లేకపోయినా ఆట మొదలైపోయినట్టే.

2010లో ఆటల కంపెనీ యూబీసాఫ్ట్ పర్యావరణం కోసమంటూ కాగితపు మాన్యువల్‌లు ఆపేస్తామని ప్రకటించింది. అప్పటికే ఆటలు తమంతట తామే నేర్పడం మొదలుపెట్టాయి. అది మంచి మార్పే. కానీ బొమ్మలు, పటాలు, కథలు నిండిన ఆ పేజీలకు అది బదులు కాదు.

మీ బీరువాలో అలాంటి పుస్తకం ఉంటే ఈ వానాకాలం లోపే బయటికి తీయండి. మన డెల్టా తేమకు నున్నటి కాగితాలు అంటుకుపోతాయి, పిన్నులు తుప్పుపట్టి మధ్య పేజీల్లో గోధుమరంగు మరక దిగుతుంది. పిన్ను మెల్లగా విప్పి, ప్రతి పేజీనీ స్కాన్ చేసి, పాత పుస్తకాలను భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో ఇప్పటికే ఉందేమో చూడండి; లేకపోతే అక్కడ పెట్టండి. చివరి ఖాళీ పేజీలను వదలకండి. ఆటను ఆపిన చోట సేవ్ చేసుకునే వీలు లేని రోజుల్లో, మళ్లీ అక్కడి నుంచే ఆడటానికి పిల్లలు పాస్‌వర్డులు రాసుకున్నది అక్కడే.